చీటీ లేని సీసా

గత వేసవి సెలవులలో నువైద్రాత్‌లోని మా ఇంటి ముందుగది కొన్ని దినాలపాటు చిన్న కర్మాగారంగా మారింది. మా అబ్బాయి, అతని స్నేహితులు ముగ్గురు కలసి, ఇక్కడి తెలుగు కుటుంబాలకు పంచిపెట్టడానికి అరవై పెన్‌డ్రైవులు సిద్ధం చేయ పూనుకున్నారు. అందుకు కారణం లేకపోలేదు. మాకు తెలిసిన ఒక డ్రైవరు సోదరునికి బ్యాంకు పేరుతో ఒక సందేశం వచ్చింది. అందులోని లంకెను నొక్కి, అది చెప్పిన యాప్‌ను ఫోనులో ఎక్కించుకున్నాడు. కరీంనగర్‌లో ఉన్న చెల్లెలి పెండ్లికని కూడబెట్టుకున్న సొమ్ము ఒక్క రాత్రిలో మాయమైంది. ఆ వార్త విని పిల్లలు చలించిపోయారు. ‘మన వాళ్లు ఎవరో పంపినది ఎక్కించుకోవడం ఎందుకు, నమ్మదగిన రక్షణ సాధనాలను మనమే ఒకచోట చేర్చి ఇద్దాం’ అనుకున్నారు. పాస్‌వర్డులను భద్రపరచే కీపాస్ ఎక్స్.సి., డిస్కుకు తాళం వేసే వెరాక్రిప్ట్, వైరస్‌లను వెదకే క్లామ్ ఏ.వి., ఇంటి నెట్‌వర్కులో ఏయే తలుపులు తెరచి ఉన్నవో చూపే ఎన్‌మ్యాప్, వీటికి తోడు కొన్ని తెలుగు ఫాంట్లు. ఎంపిక మెచ్చదగినదే.

పని ముగిసే సమయానికి నన్ను పిలిచి చూడమన్నారు. ఫోల్డర్లన్నీ అద్దంలా శుభ్రంగా ఉన్నవి. ఆ శుభ్రతే నాకు అనుమానం కలిగించింది. ప్రతి సాఫ్ట్‌వేర్ వెంట వచ్చే లైసెన్సు ఫైళ్లు ఒక్కటి కూడా కనబడలేదు. అడిగితే, ‘అవి ఎవరు చదువుతారు నాన్నా? చూడడానికి గందరగోళంగా ఉన్నాయని తీసివేశాం. అన్నీ ఉచితమే కదా’ అన్నాడు మా వాడు.

నేను రసాయన శాస్త్రజ్ఞుడను. కంప్యూటరు నా వృత్తి కాదు, న్యాయశాస్త్రం అంతకన్నా కాదు. అయితే ప్రయోగశాలలో అడుగుపెట్టిన మొదటి రోజున మాకు నేర్పే పాఠం ఒకటున్నది. పెద్ద సీసాలోనుండి చిన్న సీసాలోనికి ఏ పదార్థాన్ని ఒంపుకున్నా, పెద్ద సీసామీది చీటీలోని సంగతి చిన్న సీసామీదకు కూడా రావలసిందే. పదార్థం పేరు, గాఢత, ప్రమాద సూచన, తయారీ సంఖ్య అన్నీ. చీటీ లేని సీసా కనబడితే లోపలి ద్రవం ఎంత ఖరీదైనదైనా దానిని వాడకూడదు. పిల్లలు చేసినది సరిగ్గా ఇదే. మంచి పదార్థాన్ని మంచి మనసుతో అరవై సీసాలలోనికి ఒంపి, చీటీలను చెత్తబుట్టలో వేశారు. ఆ తరువాత కొన్ని వారాలపాటు నేను తీరిక వేళల్లో ఈ లైసెన్సుల చరిత్రను చదువుతూ వచ్చాను. రక్షణ సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ కాగితం సాధనానికి అంటించిన అనుబంధం కాదని, సాధనపు భద్రతలో అదీ ఒక భాగమేనని నా నిశ్చితాభిప్రాయం. ఎందుచేతనో విన్నవిస్తాను.

ముందుగా ఒక మాట. కంప్యూటరు ప్రోగ్రాము చట్టం దృష్టిలో ఒక రచన. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలోనికి 1984 సవరణ ద్వారా కంప్యూటరు ప్రోగ్రాములు కూడా సాహిత్య రచనలుగా ప్రవేశించినవి. బహ్రైన్‌లో 2006 సంవత్సరపు 22వ చట్టం ఇదే రక్షణను ఇస్తున్నది. రచయిత అనుమతి లేకుండా రచనకు నకలు తీయరాదు, మార్చరాదు, పంచరాదు. ఇది ఎక్కడైనా మూలసూత్రమే. ఓపెన్ సోర్సు అనబడే సాఫ్ట్‌వేర్ కూడా ఈ సూత్రానికి అతీతం కాదు. దాని రచయిత ముందుగానే, అందరికీ, కొన్ని షరతులతో అనుమతి ఇచ్చి ఉంచుతాడు. ఆ అనుమతి వ్రాసి ఉన్న కాగితమే లైసెన్సు. దానిని తీసివేస్తే మిగిలేది ఉచిత వస్తువు కాదు, అనుమతి ఉన్నదో లేదో తెలియని వస్తువు.

ఆంగ్లంలో వెల లేనిదానికీ, స్వాతంత్ర్యం కలదానికీ ఒకటే మాట ఉండడం వలన వారికి నిత్యం చిక్కు. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదు కేంద్రంగా గ్నూ లినక్స్ వ్యవస్థను తెలుగులోనికి తెచ్చే పనికి పూనుకున్నవారు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు. ‘ఉచితం’ అని పెట్టుకోలేదు. మా పిల్లలు తెలుగువారై ఉండి కూడా ఆంగ్లపు చిక్కులోనే పడ్డారు.

ఇక ఒకే ఒక్క పదం ఎంత పని చేయగలదో చెప్పే కథ. 2001 వరకు ఓపెన్ బి.ఎస్.డి. అనే వ్యవస్థలో ఫైర్‌వాల్‌గా ఐ.పి. ఫిల్టర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. దానిని వ్రాసినవారు ఆస్ట్రేలియాకు చెందిన డారెన్ రీడ్. ఆయన లైసెన్సులో వాడుకోవచ్చును, పంచవచ్చును అని ఉన్నది. అందరూ అలవాటుగా మార్చుకోవచ్చును అని కూడా చదువుకున్నారు. ఇటువంటి లైసెన్సులలో సాధారణంగా ‘మార్పులతోగాని, మార్పులు లేకుండాగాని’ అన్న పదబంధం ఉంటుంది కాబట్టి కన్ను దానిని తానే చేర్చుకుని చదివింది! ఆ పదబంధం అక్కడ లేదు. 2001లో ఆయన ఒక వాక్యం చేర్చి, ముందుగా తన సమ్మతి లేకుండా మార్చిన ప్రతులకు అనుమతి లేదని స్పష్టం చేశారు. అది ఆయన హక్కే. అయితే భద్రతకు పేరు పడిన ఒక వ్యవస్థ తన కోటగుమ్మానికి ఉన్న తాళాన్ని తాను బాగుచేసుకోరాదన్న షరతుతో ఎట్లా బ్రతుకుతుంది? ఒక రంధ్రం బయటపడిన రాత్రి, రచయిత నిద్ర లేచి సమ్మతి పంపేవరకు తలుపు తెరచి ఉంచవలసిందేనా? ఆ సంవత్సరం మే నెలాఖరులో వారు ఐ.పి. ఫిల్టర్‌ను తమ వ్యవస్థనుండి పూర్తిగా తొలగించారు. అప్పటికి చేతిలో బదులు ఏమీ లేదు. డేనియల్ హార్ట్‌మయర్ అనే ప్రోగ్రామరు వ్రాసిన కొత్త ఫైర్‌వాల్ జూన్ నెలలోనే లోపలికి వచ్చింది, డిసెంబరులో విడుదలైన 3.0 సంచికతో లోకానికి అందింది. పి.ఎఫ్. అని దాని పేరు. తరువాతి కాలంలో అది ఫ్రీ బి.ఎస్.డి.లోనికి, యాపిల్ కంప్యూటర్లలోనికి కూడా వ్యాపించింది. ఇంత నిర్మాణానికీ కారణం లైసెన్సులో ‘మార్పు’ అన్న మాట లేకపోవడం.

దీనికి రెండేళ్ల ముందు కూడా అటువంటిదే జరిగింది. 1995లో ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులను దొంగచాటుగా విన్నారు. అక్కడి పరిశోధకుడు తాతు ఉలొనెన్ దూరపు కంప్యూటరుతో రహస్యంగా సంభాషించడానికి ఎస్.ఎస్.హెచ్. అనే సాధనాన్ని వ్రాశాడు. మొదట ధారాళంగా ఉన్న లైసెన్సు సంచిక సంచికకూ బిగుసుకుంటూ వచ్చింది. 1999లో కొందరు వెనుకకు నడచి, ధారాళమైన లైసెన్సు ఉన్న పాత సంచిక 1.2.12 దగ్గర ఆగి, అక్కడినుండి కొత్త శాఖను పెంచారు. అదే ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. నేడు లోకంలోని సర్వర్లలో అత్యధిక భాగం దాని మీదనే ఆధారపడి ఉన్నది. 2005లో నెసస్ అనే తనిఖీ సాధనానికీ ఇదే గతి పట్టింది. ఏడేళ్లు ఓపెన్ సోర్సుగా ఉన్న తరువాత, 3వ సంచికనుండి మూలరచనను ఇవ్వబోమని దాని యజమానులు ప్రకటించారు. బయటివారు చేసిన సాయం స్వల్పమని, పోటీదారులు మాత్రం తమ రచనను వాడుకుని లాభపడుతున్నారని వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదు అబద్ధం కాదని నేననుకుంటాను. బావి త్రవ్వినవాడి దాహం గురించి నీళ్లు తోడుకునేవారు ఆలోచించరు. అయినా పాత సంచికకు ఇచ్చిన అనుమతి చెక్కుచెదరలేదు కాబట్టి దానినుండి ఓపెన్‌వాస్ అనే శాఖ పుట్టింది. ఇచ్చిన మాటను వెనుకకు తీసుకోవడానికి వీలులేని విధంగా వ్రాసిపెట్టడంలో ఉన్న మేలు ఇది.

పై మూడు ఉదాహరణలలో లైసెన్సు మారింది, లేదా బిగిసింది. అంతకన్నా విచిత్రమైన సందర్భం మరొకటున్నది. రెండు లైసెన్సులూ మంచివే అయినప్పుడు, కలిపితే పనికిరాకపోవడం. గృహిణులకు ఇది సులభంగా అర్థమవుతుంది. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవం మంచిదే, గాజు తుడిచే అమ్మోనియా ద్రవమూ మంచిదే. రెంటినీ ఒకే బకెట్టులో పోస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. లైసెన్సులలో ఇటువంటి కలయిక ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. కథ.

మీరు బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు చిరునామా ప్రక్కన కనబడే తాళం గుర్తు వెనుక పనిచేసే సాఫ్ట్‌వేర్‌లలో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ముఖ్యమైనది. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ అనువారు వ్రాసిన పాత రచననుండి 1998లో ఇది పుట్టింది. దాని లైసెన్సులో ఒక చిన్న షరతు ఉండేది. ఈ సాఫ్ట్‌వేర్ సౌకర్యాలను పేర్కొనే ప్రకటనలన్నింటిలో ఫలానావారి రచన ఇందులో ఉన్నదని చెప్పాలి. వినడానికి న్యాయంగానే ఉన్నది కదా? ఇటుప్రక్క గ్నూ సంస్థవారి జి.పి.ఎల్. అనే ప్రసిద్ధమైన లైసెన్సు ఉన్నది. దాని కింద ఉన్న రచనను పంచేవారు, పుచ్చుకునేవారిమీద జి.పి.ఎల్.లో లేని అదనపు షరతు ఏదీ మోపరాదు. ప్రకటనల షరతు అదనపు షరతే. కాబట్టి జి.పి.ఎల్. కింద వ్రాసిన ప్రోగ్రామును ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.తో ముడివేసి పంచితే, ఒకరి మాట నిలబెట్టడానికి మరొకరి మాట తప్పవలసి వస్తుంది.

ఇందులో ఒక మెలిక కూడా ఉన్నది. కంప్యూటరు వ్యవస్థతోపాటు సహజంగా వచ్చే భాగాలకు జి.పి.ఎల్. మినహాయింపు ఇస్తుంది. అయితే ఆ భాగం ప్రోగ్రాముతో కలిసి ఒకే మూటలో వస్తే ఆ మినహాయింపు చెల్లదు. అంటే బయటివాడు ఎవడైనా తన ప్రోగ్రామును విడిగా ఇస్తే తప్పు లేదు. వ్యవస్థనంతటినీ మూటకట్టి ఇచ్చే డెబియన్ వంటి సంస్థలకే చిక్కు. నిజాయితీగా చదివినవారికే శిక్ష పడినట్లయింది. వారు ఎందరో రచయితలకు లేఖలు వ్రాసి, ‘ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.తో ముడివేయడానికి మాకు ప్రత్యేకానుమతి ఇవ్వండి’ అని అడిగి, లైసెన్సుకు ఒక వాక్యం చేర్పించుకున్నారు. అడిగినా దొరకని చోట వేరే గ్రంథాలయాన్ని, ముఖ్యంగా గ్నూ టి.ఎల్.ఎస్.ను, వాడి ప్రోగ్రాములను పునర్నిర్మించారు. ఏళ్ల తరబడి ఎంతో మంది నిపుణుల కాలం ఒక ప్రకటనల షరతు చుట్టూ గడచిపోయింది. ఆ షరతుకు మూలమైన కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం తన లైసెన్సులోనుండి దానిని 1999లోనే తొలగించిన సంగతి ఇక్కడ గుర్తుచేయడం అవసరం.

2014 ఏప్రిల్ 7న ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. రెండేళ్లపాటు అది ఎవరికీ కనబడకుండా ఉన్నది. దాని ద్వారా సర్వర్ల జ్ఞాపకంలోని రహస్యాలను, పాస్‌వర్డులను, తాళపుచెవులను కూడా, బయటివారు చదవగలిగేవారు. ఆ వారాలలోనే ఓపెన్ బి.ఎస్.డి. వారు మొత్తం రచనను తీసుకుని, పనికిరాని భాగాలను కోసివేసి, లిబ్రె ఎస్.ఎస్.ఎల్. అనే శాఖను ఆరంభించారు. ఎవరి సమ్మతి కోసమూ ఎదురు చూడలేదు. ఎదురు చూడవలసిన అవసరం లైసెన్సు కలిగించలేదు. అటు మూలసంస్థ కూడా మేల్కొన్నది. 2017లో లైసెన్సును మార్చడానికి దాదాపు 400 మంది రచయితలకు లేఖలు పంపింది. ‘మీనుండి జవాబు రాకపోతే మీకు అభ్యంతరం లేదని భావిస్తాము’ అన్న ధోరణిలో ఉన్న ఆ లేఖ పెద్ద దుమారం రేపింది. మౌనం అర్ధాంగీకారమన్న మన లోకోక్తి పెండ్లిచూపులకు సరిపోవచ్చును గాని, కాపీరైటు చట్టానికి సరిపోదు! చివరకు 2021 సెప్టెంబరులో 3.0 సంచిక అపాచీ 2.0 లైసెన్సుతో వెలువడింది. చిక్కు పూర్తిగా వీడిందా? జి.పి.ఎల్. 3వ రూపంతో పొసగుతుంది. 2వ రూపం మాత్రమే చాలునన్నవారితో ఇప్పటికీ పొసగదు.

ట్రూక్రిప్ట్ సంగతి వేరు. 2004లో వచ్చిన ఈ డిస్కు తాళం ఎంతో పేరు పొందింది. మూలరచన అందరికీ కనబడేది. అయినా డెబియన్, ఫెడోరా వంటివారు దానిని తమ వ్యవస్థలో చేర్చుకోలేదు. రచయితలు ఎవరో తెలియదు. వారు తామే వ్రాసుకున్న లైసెన్సు భాష మసకగా ఉండి, పంచినవారిమీద ఏ క్షణాన ఏ బాధ్యత పడుతుందో తేలేది కాదు. అతిజాగ్రత్త అని అప్పుడు నవ్వినవారున్నారు. 2014 మే 28న ట్రూక్రిప్ట్ వెబ్‌సైటులో, ఇది సురక్షితం కాకపోవచ్చునన్న హెచ్చరిక ప్రత్యక్షమై అభివృద్ధి ఆగిపోయింది. దాని వారసునిగా నిలచిన వెరాక్రిప్ట్ తన కొత్త భాగాలకు అపాచీ లైసెన్సు పెట్టుకున్నది. పాత భాగాలకు మాత్రం పాత ట్రూక్రిప్ట్ లైసెన్సే మోయక తప్పలేదు. అడుగుదామంటే యజమాని అజ్ఞాతవాసి. ఇల్లు బాగుచేశారు గాని దస్తావేజు పాతదే. మా పిల్లల పెన్‌డ్రైవులో ఉన్నది ఈ వెరాక్రిప్టే. అది మంచి సాధనమని నేను కూడా వాడుతున్నాను. అయితే దాని ఫోల్డరులో రెండు లైసెన్సులు ఎందుకున్నవో తెలిసి వాడుతున్నాను.

మిగిలినవాటిని కూడా పిల్లలతో కూర్చుని ఒక్కొక్కటిగా తీశాం. క్లామ్ ఏ.వి. జి.పి.ఎల్. 2వ రూపంలో ఉన్నది. కాని ఆర్.ఏ.ఆర్. ఫైళ్లను విప్పడానికి అందులో వాడే భాగం వేరొకరిది. ఆ రచనను ఉపయోగించి ఆర్.ఏ.ఆర్. కుదింపు పద్ధతిని తిరిగి నిర్మించరాదని దాని షరతు. అందుచేత డెబియన్‌వారు ఆ ముక్కను విడదీసి, స్వేచ్ఛ లేనివాటి గదిలో ఉంచారు. ఎన్‌మ్యాప్ 2020లో 7.90 సంచికతో తన లైసెన్సును మార్చుకున్నప్పుడు ప్యాకేజీలు కట్టేవారిలో పెద్ద చర్చ నడచింది. విండోస్‌లో ఎన్‌మ్యాప్‌కు తోడుగా ఉండే ఎన్‌పీక్యాప్ అనే భాగం మరీ ఆసక్తికరమైనది. దాని మూలరచనను ఎవరైనా చదవవచ్చును. ఎవరి కంప్యూటరులో వారు వెల లేకుండా ఎక్కించుకోవచ్చును. అయితే వెల లేని ప్రతిని ఇతరులకు పంచడానికి అనుమతి లేదు. మామూలు వాడుకకు ఐదు కంప్యూటర్ల పరిమితి కూడా ఉన్నది. మా పిల్లలు దానిని విడిగా అరవై పెన్‌డ్రైవులలో పెట్టారు. చదవనిస్తారు, వాడనిస్తారు, పంచనివ్వరు! మూలరచన కనబడినంత మాత్రాన స్వేచ్ఛ ఉన్నట్లు కాదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. దానిని తీసివేసి, రచయితల వెబ్‌సైటునుండి ఎవరికి వారు తెచ్చుకొమ్మని ఒక వాక్యం వ్రాశాం.

ఇదంతా కాగితపు పట్టింపని, లోకంలో ఎవరూ పట్టించుకోరని మా అబ్బాయి స్నేహితుడు వాదించాడు. ‘ఉచితంగా ఇచ్చినదానికి కోర్టుకు ఎవరు వెళతారు అంకుల్?’ అన్నాడు. వెళ్లారు. లినక్స్‌లోని ఫైర్‌వాల్ భాగమైన నెట్‌ఫిల్టర్ రచయితలలో ఒకరు హరాల్డ్ వెల్టే. తమ రచనను రౌటరులో పెట్టి అమ్ముతూ, జి.పి.ఎల్. ప్రతిని గాని మూలరచనను గాని ఇవ్వని సైట్‌కామ్ అనే సంస్థమీద ఆయన 2004లో జర్మనీలోని మ్యూనిక్ న్యాయస్థానానికి వెళ్లారు. షరతులు పాటించనివారికి పంచే హక్కు లేదని తీర్పు వచ్చింది. అడిగినది సొమ్ము కాదు, చీటీ అంటించమని.

మరి మార్చుకునే స్వేచ్ఛ ఉంటే అన్నీ క్షేమమేనా? కాదు. నా వాదనకు ఎదురు నిలచే ఉదాహరణను దాచడం ధర్మం కాదు. 2006 సెప్టెంబరులో డెబియన్‌లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ప్యాకేజీ కట్టేవారు, ఒక తనిఖీ సాధనం హెచ్చరిస్తున్నదని రెండు పంక్తులు తొలగించారు. మూలసంస్థ చర్చావేదికలో ముందుగా అడిగే చేశారు. ఆ పంక్తులే తాళపుచెవికి యాదృచ్ఛికతను అందించేవి. ఫలితంగా ఊహించ శక్యం కాని సంఖ్యలో ఉండవలసిన తాళపుచెవులు, ఒక్కొక్క రకానికి 32,767కు కుంచించుకుపోయినవి. ఒక సాధారణ కంప్యూటరు కొద్దిసేపట్లో అన్నింటినీ ప్రయత్నించి చూడగలదు. 2008 మే 13న గాని సంగతి బయటపడలేదు. లైసెన్సు మార్చనిచ్చింది, మార్చినవారు పొరబడ్డారు, నష్టానికి ఏ పూచీ లేదని అదే లైసెన్సు పెద్ద అక్షరాలలో చెబుతున్నది. అయినా నేను నా అభిప్రాయాన్ని మార్చుకోలేదు. ఆ పొరపాటు ఎక్కడ, ఏ రోజున, ఏ పంక్తిలో జరిగిందో లోకమంతా చూడగలిగింది, చూసిన వెంటనే దిద్దగలిగింది. అయితే చీటీలో మరొక సంగతి కూడా ఉండాలని ఈ ఉదంతం నేర్పుతున్నది. ఇది మూలరచయిత ఇచ్చినదే గాక మేము మార్చినది కూడా అయితే, ఆ మార్పు మాదేనని చెప్పాలి. జి.పి.ఎల్. అడిగేదీ అదే, మార్చిన ఫైలులో మార్చినట్లూ, ఏ తేదీన మార్చారో కూడా వ్రాయమంటుంది.

పేర్ల తగవు కూడా దీనికి చుట్టరికమే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు మూలరచన స్వేచ్ఛగలదే గాని, ఆ పేరు, ఆ నక్క గుర్తు మొజిల్లా వారి వ్యాపార చిహ్నాలు. డెబియన్‌వారు పాత సంచికలకు భద్రతా మరమ్మతులు తామే చేసి పంచదలచారు. మార్చినదానికి మా పేరు పెట్టాలంటే మార్పులు మాకు చూపాలని మొజిల్లా అన్నది. తత్ఫలితంగా 2006నుండి 2016 వరకు డెబియన్‌లో ఫైర్‌ఫాక్స్ ఐస్‌వీజల్ అనే మారుపేరుతో బ్రతికింది. హాస్యంగా తోస్తుంది గాని ఇరువురి మాటలోనూ న్యాయమున్నది. మన తెలుగు ఫాంట్లలోనూ ఈ ఆచారం కలదు. మండలి, సూరన్న, గిడుగు, రామభద్ర వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో లభిస్తున్నవి. ఆ లైసెన్సు కింద, రచయిత ప్రత్యేకించి ఉంచుకున్న పేరును మార్చిన ఫాంటుకు పెట్టరాదు. అక్షరం చక్కదిద్దు, నీ పేరు పెట్టుకో అంటుంది. మా పిల్లలలో ఒకడు ఒక ఫాంటులో వత్తుల ఎడం సవరించి పాత పేరుతోనే ఉంచాడు. సవరణ నిజంగా బాగున్నది. పేరు మార్చమన్నప్పుడు మాత్రం చిన్నబుచ్చుకున్నాడు.

చివరకు తేలని చిక్కు ఒకటి మిగిలింది. అది మన ప్రవాస జీవితానికి చెందినది. జి.పి.ఎల్. 2వ రూపం కింద ఉన్న ప్రోగ్రామును పంచేవారు, దానితో మూలరచనను కూడా ఇవ్వాలి. లేదా అడిగిన వారెవరికైనా కనీసం మూడేళ్లపాటు మూలరచనను ఇస్తామని లిఖితపూర్వకంగా మాట ఇవ్వాలి. వెల లేకుండా ఇచ్చినా, పెండ్లి కానుకగా ఇచ్చినా ఈ నియమం తప్పదు. పిల్లలు రెండవ మార్గం సులభమనుకున్నారు. పెన్‌డ్రైవుమీద ఒక వాక్యం, దాని కింద ఒక చిరునామా. ఎవరి చిరునామా? మా వాడు వచ్చే ఏడు చదువుకు ఇండియా వెళతాడు. వాడి స్నేహితులలో ఒకరి తండ్రి ఒప్పందం డిసెంబరుతో ముగుస్తుంది. నా వీసా రెండేళ్లకు ఒకమారు కొత్తది కావలసిందే. రెండేళ్ల గడువుమీద బ్రతికేవాళ్లం మూడేళ్ల మాట ఏ ధైర్యంతో ఇస్తాం? నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కాబట్టి మూలరచనలనే పెన్‌డ్రైవులో పెట్టాం. అన్నీ కలిపి ఒక సినిమాకు పట్టేపాటి చోటు కూడా తీసుకోలేదు. లైసెన్సు ఫైళ్లు వాటి స్థానాలలోనికి తిరిగి వచ్చినవి. ప్రతి సాధనం ఎక్కడినుండి, ఏ తేదీన తెచ్చామో, తెచ్చినది అసలుదేనని సరిచూసుకునే అంకెల గుర్తు ఏమిటో ఒక పుట తెలుగులో వ్రాసి చేర్చారు. అరవైలో నలభై ఏడు పంచినట్లు లెక్క ఉన్నది. మిగిలిన పదమూడు మా ఇంట్లో ఉన్నవి. వాటిలోని సంచికలు పాతబడినందున కొత్తవి ఎక్కించి, తేదీ దిద్దిన తరువాతనే ఇస్తామని పిల్లలు పట్టుబడుతున్నారు.